రన్‌ఫ్లాట్ టైర్లా, మామూలు టైర్లా? ఎస్‌యూవీకి కొత్త టైర్లు వేయించే ముందు

టైర్ల షాపుకు బయలుదేరే ముందు బండి డిక్కీ తెరిచి, అడుగున పరిచిన చాప ఎత్తి చూడండి. స్టెప్నీ ఉందా, లేదా? ఏ టైర్లు కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంటుంది. షాపులో బ్రాండు అడుగుతారు, బడ్జెట్ అడుగుతారు. స్టెప్నీ సంగతి అడిగేవాళ్లు తక్కువ.

ఇది మా అనుభవంతో చెబుతున్న మాట. మా ఇంటికి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన ఒక ఎస్‌యూవీకి పాత యజమాని రన్‌ఫ్లాట్లు తీయించి మామూలు టైర్లు వేయించాడు. స్టెప్నీ మాత్రం పెట్టలేదు. అమ్మినవాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. కోరాపుట్ నుంచి సాలూరు దిగే ఘాట్‌లో, పొద్దుగూకే వేళ, వెనక టైరు పోయాక గానీ ఆ విషయం మాకు తెలియలేదు. బండిలో ఇద్దరు పెద్దవాళ్లు, ఒక చంటిబిడ్డ, పెళ్లి సామాను. ఆ రాత్రి ఒక లారీ డ్రైవరు మమ్మల్ని కిందికి చేర్చకపోతే ఎలా ఉండేదో ఇప్పటికీ తలచుకుంటూనే ఉంటాం.

రన్‌ఫ్లాట్‌లో ప్రత్యేకత పక్కగోడలోనే ఉంది. మామూలు టైరులో బండి బరువును మోసేది గాలి. గాలి పోతే పక్కగోడ మడతపడి, రిమ్ము కింద నలిగిపోతుంది. రన్‌ఫ్లాట్‌కు లోపల మందమైన రబ్బరు దట్టించి ఉంటుంది కాబట్టి గాలి లేకపోయినా అది కొంతసేపు బరువు మోస్తుంది. సాధారణంగా కంపెనీలు చెప్పే లెక్క గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా, 80 కిలోమీటర్ల దూరం. ఆరుగురు మనుషులు, నిండు డిక్కీ, మే నెల ఎండ ఉంటే అంత దూరం వస్తుందని నమ్ముకోకండి.

మీ బండికి ఉన్నవి ఏవో టైరు పక్కన చూస్తే తెలుస్తుంది. బ్రిడ్జ్‌స్టోన్ అయితే ఆర్‌ఎఫ్‌టీ, మిషెలిన్ అయితే జడ్‌పీ, కాంటినెంటల్ అయితే ఎస్‌ఎస్‌ఆర్, గుడ్‌ఇయర్ అయితే ఆర్‌ఓఎఫ్ అన్న ఇంగ్లిషు అక్షరాలు ఉంటాయి. బీఎండబ్ల్యూ ఎస్‌యూవీల్లో చాలావాటికి కంపెనీయే రన్‌ఫ్లాట్లు వేసి పంపింది. క్రెటా, స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటి బండ్లకు వచ్చేవి మామూలు ట్యూబ్‌లెస్ టైర్లే.

రన్‌ఫ్లాట్ గొప్పతనం ఒక్కటే: ఆగకూడని చోట ఆగనవసరం లేదు. దోర్నాల నుంచి శ్రీశైలం దాకా సుమారు 50 కిలోమీటర్లు నల్లమల అడవి. రాత్రి 9 తర్వాత గేట్లు మూసేస్తారు. చీకటి పడే ముందు ఆ దారిలో మేకు గుచ్చుకుంటే జాకీ పెట్టి టైరు మార్చే పని లేకుండా నెమ్మదిగా ఊరు చేరవచ్చు. ఒంటరిగా నడిపే ఆడవాళ్లకు, నడుం వంగని పెద్దవాళ్లకు ఇది చిన్న సదుపాయం కాదు. హైవే మీద ఉన్నట్టుండి గాలి పోయినా బండి అదుపు అంత తేలిగ్గా తప్పదు.

ఊరు చేరాక ఏమిటి? అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. గాలి లేకుండా నడిచిన రన్‌ఫ్లాట్ లోపల ఎంత నలిగిందో బయటికి కనిపించదు. అందుకే అలా నడిచినదానికి పంక్చర్ వేయవద్దనే చాలా కంపెనీలు అంటాయి. అంటే కొత్తది కొనాలి. మీ సైజు రన్‌ఫ్లాట్ బెంగళూరులోనో హైదరాబాదులోనో దొరుకుతుంది గానీ శ్రీశైలంలో దొరుకుతుందనుకోలేం. దొరికినా ఆ గట్టి పక్కగోడను రిమ్ముకు ఎక్కించడానికి తగిన మెషీను, చేయి తిరిగిన మనిషి కావాలి. షోలాపూర్ నుంచి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. మధ్యలో టైరు పోతే 80 కిలోమీటర్ల లెక్క మిమ్మల్ని ఏదో ఒక ఊరికి చేరుస్తుంది, ఇంటికి కాదు. మామూలు ట్యూబ్‌లెస్‌కు మేకు గుచ్చుకుంటే దారిలో ఏ పంక్చర్ షాపువాడైనా బాగుచేస్తాడు. నేలను తాకే భాగంలో చిన్న రంధ్రమైతే టైరు విప్పించి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించండి, అది గట్టిది. పక్కగోడ చీలితే మాత్రం ఏ టైరుకైనా మరమ్మతు లేదు.

ఇక గుంతలు. గట్టి పక్కగోడ దెబ్బను మింగదు, రిమ్ముకూ సస్పెన్షన్‌కూ పంపుతుంది. కొత్త రకాలు కాస్త మెత్తబడ్డాయి గానీ, మన రోడ్ల మీద తేడా నడుముకు తెలుస్తూనే ఉంటుంది. రన్‌ఫ్లాట్లు బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే.

కాబట్టి మా అభిప్రాయం ఇది. మామూలు టైర్లతో వచ్చిన ఎస్‌యూవీకి రన్‌ఫ్లాట్లు వేయించకండి. టైరులో గాలి తగ్గితే హెచ్చరించే టీపీఎమ్‌ఎస్ లేని బండికైతే అసలే వద్దు. గాలి పోయిన సంగతి స్టీరింగులో సరిగా తెలియదు, మీరు 100 మీద పోతూనే ఉంటారు. రన్‌ఫ్లాట్లతో వచ్చిన బండిని ఎక్కువగా నగరంలోనే తిప్పుతుంటే అవే కొనసాగించండి. ఏటా దూరప్రయాణాలు, పల్లె దారులు ఉంటే మామూలు టైర్లకు మారడంలో తప్పు లేదు. ఆ రిమ్ములకు మామూలు టైర్లు ఎక్కుతాయి. కానీ స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్ కూడా అదే రోజు కొనాలి. డిక్కీలో జాగా పోతుందని ఇంట్లో గొణుగుతారు, గొణగనివ్వండి.

స్టెప్నీకి బదులు జిగురు డబ్బా, గాలి పంపు ఉన్న కిట్టు చాలంటారు కొందరు. టీపీఎమ్‌ఎస్, రిపేరు కిట్టు ఉన్న ట్యూబ్‌లెస్ కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని కేంద్రం 2020 జులైలో నిబంధనలు సవరించిన మాట నిజమే. మేకు రంధ్రానికి కిట్టు పనిచేస్తుంది. రాయి తగిలి పక్కగోడ చీలితే పనికిరాదు. ఘాట్ దారుల్లో తిరిగేవాళ్లకు మేము స్టెప్నీయే చెబుతాం.

మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి మార్చండి. రెండు రన్‌ఫ్లాట్లు, రెండు మామూలువి కలిపితే మలుపుల్లో, బ్రేకు కొట్టినప్పుడు బండి నడక తేడా చేస్తుంది. నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందే బండ్లలో అరుగుదల తేడా ఉన్నా గేర్ల మీద భారం పడుతుంది. సైజు పక్కనుండే అంకెను కూడా చూడండి. 98 అంటే ఒక్కో టైరు 750 కిలోలు మోస్తుంది. కొత్తదానిలో ఆ అంకె కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు. డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు తయారీ తేదీ: 2324 అంటే 2024లో 23వ వారం. పాత సరుకు అంటగడితే వద్దనండి. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టరీత్యా ఆ టైరు నడపకూడదు. వానల్లో పట్టు అంతకు ముందే సన్నగిల్లుతుంది. నైట్రోజన్ నింపించమంటారా అని అడిగేవారికి: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. ఏది నింపినా నెలకోసారి కొలిపించడం ముఖ్యం.

స్టెప్నీలో గాలి కూడా అప్పుడే చూపించండి. యానాంలో, బరంపురంలో, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, బండి కింద వేలాడే స్టెప్నీ గొలుసు తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ఏడాదికి రెండుసార్లు దించి, గ్రీజు పెట్టించి ఎక్కించండి. చక్రాలకు తాళం నట్లు ఉంటే వాటి చిన్న తాళంచెవి ఎక్కడుందో ఇప్పుడే వెతికి, జాకీ పక్కనే కట్టి పెట్టండి.