కసాద్‌బాజారీ: ధాన్యం ధర పడింది, బాకీ పడలేదు

ఆర్థిక మాంద్యాన్ని ఉర్దూలో కసాద్‌బాజారీ అంటారు. కసాద్ అంటే సరుకు ఉన్నా అడిగేవాడు లేకపోవడం, బజారు చల్లబడిపోవడం. సూరె తౌబాలో తిజారత్ ప్రస్తావన వచ్చిన చోట కూడా ఈ మాట ఉంది. అంటే ఈ ఖౌఫ్ మనిషికి కొత్తది కాదు. అయితే 1929 అక్టోబర్‌లో న్యూయార్క్ షేర్ బజారు కూలిపోతే, ఆ దెబ్బ గౌతమి ఒడ్డునున్న వాడపల్లి దాకా ఎలా వచ్చింది? షేరు అంటే ఏమిటో తెలియని రైతు ఎందుకు మునిగిపోయాడు? ఈ సవాల్‌కి జవాబు వెతకడమే ఈ వ్యాసం.

వాడపల్లి అనగానే ఇప్పుడు వేంకటేశ్వరస్వామి గుడి, శనివారాల రద్దీ గుర్తొస్తాయి. కోనసీమ తారీఖ్‌లో ఈ ఊరికి ఇంకో గుర్తింపు కూడా ఉంది. 1931 మార్చి 5న గాంధీ-ఇర్విన్ ఒప్పందం జరిగింది. అదే నెల ఆఖర్లో ఇక్కడి రథోత్సవంలో జనం రథం మీద గాంధీ పటం పెట్టారు. పోలీసులు అడ్డుకున్నారు, గొడవ పెరిగింది, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ గొడవకి కారణం ఆజాదీ ఉద్యమమే, ధాన్యం ధర కాదు. కానీ ఆ ఏడాది ఈ ప్రాంతపు రైతు ఎలాంటి హాలత్‌లో ఉన్నాడో తెలియకపోతే ఆ కాలం సగమే అర్థమవుతుంది. మా ఉర్దూ మీడియం స్కూల్లో 1930 అంటే దండి, ఉప్పు, జైలు. ధాన్యం ధర గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

దానికి ముందు నూరేళ్లలో గోదావరి జిల్లాల వాళ్లు కరువు ఎరుగుదురు. 1833 నాటి కహత్ తర్వాతి దశాబ్దాల్లోనే, 1847 నుంచి 1852 వరకు, కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. కాలువలొచ్చాయి, వరి పెరిగింది. పంట తినడానికే కాదు, అమ్మడానికీ అయ్యింది. ఇక్కడే ఒక మార్పు వచ్చింది. కహత్‌లో గింజ ఉండదు. కసాద్‌లో గింజ గాదె నిండా ఉంటుంది, దానికి విలువ ఉండదు. మొదటిదాన్ని కాలువ ఆపింది. రెండోదాన్ని ఆపే ఆనకట్ట ఎవరూ కట్టలేదు.

1929 నుంచి 1933 లోపల ధాన్యం ధర సుమారు సగానికి పడిపోయింది. ప్రపంచమంతా కొనుగోలు తగ్గడం ఒక కారణం. బర్మా బియ్యం చవగ్గా మద్రాసు రాష్ట్రపు రేవుల్లో దిగడం ఇంకో కారణం. 1927లో ఇంగ్లీషు హుకూమత్ రూపాయిని 18 పెన్నీల దగ్గర కట్టేసింది. ఇది ఎక్కువ, మన రైతుకి నష్టం అని ఇక్కడి నాయకులు మొత్తుకున్నా వినలేదు. రూపాయి గట్టిగా ఉంటే సాహుకారుకి మేలు, పంట అమ్ముకునేవాడికి కీడు.

ఒక మిసాల్ చెప్తాను. ఒక రైతుకి నూరు బస్తాలు పండాయనుకోండి. శిస్తుకీ వడ్డీకీ కలిపి ముప్పై బస్తాలు అమ్మితే సరిపోయేది. ధర సగమైంది. ఇప్పుడు అరవై అమ్మాలి. మిగిలిన నలభైలోనే విత్తనాలు, కూలి, తిండి, బట్ట, బిడ్డ పెళ్లి. వాన బాగానే పడింది, కాలువ నీళ్లొచ్చాయి, రైతు మెహనత్‌లో లోపం లేదు. అయినా ఇల్లు గడవదు. పైగా పంట ఇంటికొచ్చిన నెలల్లోనే కిస్తీ కట్టాలి కాబట్టి అందరూ ఒకేసారి అమ్మేవారు. అలా అమ్మితే ధర ఇంకా పడేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే గోదావరి, కృష్ణా జిల్లాల్లో శిస్తును రూపాయికి మూడణాలు పెంచాలని సర్కారు రీసెటిల్‌మెంట్ ప్రతిపాదన పెట్టింది. రైతు సంఘాలు, ఎన్.జి.రంగా లాంటి నాయకులు దీని మీద పెద్ద పోరాటమే చేశారు.

కొన్ని మాటలు గమనించండి. రైతు, బాకీ, కిస్తీ, వసూలు, జప్తు, కౌలు. ఇవన్నీ అరబీ, ఫార్సీల నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయిన మాటలు. రైతు అంటే రయ్యత్. కౌలు అంటే ఖౌల్, ఇచ్చిన మాట. కిస్తీ అంటే ఖిస్త్. కానీ అదే భాషల్లోని మోహ్లత్ అనే మాట, అంటే బాకీదారుకి ఇచ్చే వ్యవధి, గోదావరి రైతు నోట నేనెప్పుడూ వినలేదు. మాట సంగతి అలా ఉంచినా, ఆ రోజుల్లో రైతుకి దొరకనిది ఆ మోహ్లతే.

అప్పు లెక్కలు చూడండి. మద్రాసు రాష్ట్రంలో గ్రామీణ రుణం 1930లో 150 కోట్ల రూపాయలని బ్యాంకింగ్ విచారణ కమిటీ అంచనా. 1935లో సత్యనాథన్ నివేదిక నాటికి అది 200 కోట్లకి చేరింది. ఆ అయిదేళ్లలో ధాన్యం ధర సగమైంది కాబట్టి, బస్తాల్లో లెక్కేస్తే అప్పు రెండింతలు దాటిపోయింది. కొత్తగా ఒక్క రూపాయి తీసుకోని మనిషి బాకీ కూడా దానంతట అదే పెరిగింది.

ఇక మిగిలింది జేవర్. 1931 సెప్టెంబర్‌లో బ్రిటన్ బంగారు ప్రమాణం వదిలేశాక బంగారం ధర ఎక్కింది. దేశమంతటా ఇళ్లలోని నగలు కరిగి ఓడలెక్కాయి. తర్వాతి కొన్నేళ్లలో 200 కోట్ల రూపాయలకు పైగా బంగారం బయటికి పోయింది. దాన్ని ఆపద బంగారం అన్నారు. అది లాభానికి అమ్మింది కాదు, మజ్బూరీతో అమ్మింది.

రైతు చేతిలో పైసా ఆడకపోతే ఊళ్లో ఎవరి చేతిలోనూ ఆడదు. దర్జీ, గాజుల సాయిబు, దూది ఏకే నూర్‌బాషాలు, వీళ్లందరి రోజీ పంట అమ్మిన ఇంటి నుంచే రావాలి. కొత్త బట్ట, కొత్త పరుపు వాయిదా వేసుకోగల ఖర్చులు. మాంద్యం చరిత్రలో వీళ్ల పద్దు ఎక్కడా కనబడదు, ఎందుకంటే వీళ్ల పేర భూమి లేదు, శిస్తు లేదు.

ఇక్కడ గడవనివాళ్లకి రంగం ఉండేది కదా అంటారు. రంగం అంటే రంగూన్, మన బహదూర్ షా జఫర్ మజార్ ఉన్న ఊరు. గోదావరి, విశాఖ జిల్లాల కూలీలు వేలల్లో అక్కడికి వెళ్లేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్లు తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు. 1930 మేలో తెలుగు ఓడరేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలని పెట్టుకున్నాయి, సమ్మె తేలాక వాళ్లని పొమ్మన్నాయి. మే 26న మొదలైన గొడవల్లో వంద మందికి పైగా చనిపోయారు. గరీబు మీద గరీబు పడ్డాడు. అటు బర్మా రైతు కూడా అదే బియ్యం ధరతో మునిగాడు. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో చెట్టియార్ల చేతిలో 1930లో 6 శాతం ఉన్న భూమి 1938కి 25 శాతమైంది. మోహ్లత్ లేని అప్పు చివరికి ఎక్కడికి చేరుతుందో ఈ రెండు అంకెలు చెప్తాయి.

మద్రాసులో రాజాజీ సర్కారు 1938లో వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబర్‌కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబర్ 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దు. అసలుకి రెండింతలు కట్టేసి ఉంటే మొత్తం బాకీ చెల్లు. ఇది హిందూ ధర్మశాస్త్రాల్లోని దామ్‌దుపట్ సూత్రానికి దగ్గర. మన దీన్‌లో సూద్ పూర్తిగా హరామ్. హజ్జతుల్ విదా ఖుత్బాలో రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ముందుగా రద్దు చేసింది తన సొంత చిన్నాన్న అబ్బాస్ రజిఅల్లాహు అన్హుకి రావలసిన వడ్డీని. తంగీలో ఉన్న బాకీదారుకి మోహ్లత్ ఇమ్మని సూరె బఖరా చెప్తుంది. దారులు వేరైనా వడ్డీకి హద్దు ఉండాలన్న ఇన్సాఫ్ ఒకటే. 1938 చట్టం మంచిదే, కానీ ధర పడి ఎనిమిదేళ్లు దాటాక వచ్చింది. ఆలోపు వేలంలో పోయిన పొలానికి అది ఏం చేయగలదు?

ఇది పాత కథ అని వదిలేయలేం. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి పొలాలు బీడు పెట్టారు. నీళ్లు లేక కాదు, ఖర్చుకి తగ్గ ధర లేక. సూక్ష్మరుణాల వసూళ్ల జుల్మ్ ఎంత ముదిరిందంటే 2010లో రాష్ట్ర సర్కారు ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది.

జకాత్ ఎవరికి ఇవ్వాలో సూరె తౌబా ఎనిమిది రకాల వాళ్లని చెప్తే, అందులో గారిమీన్, అంటే అప్పుల్లో కూరుకున్నవాళ్లు కూడా ఉన్నారు. రమజాన్‌లో మనం ఫకీర్, మిస్కీన్‌లని తలుస్తాం. గారిమీన్‌ని అంతగా తలవం, ఎందుకంటే వాళ్లు చేయి చాపరు, ఇజ్జత్‌తో మౌనంగా ఉంటారు. మన జమాత్‌లో బాకీతో నలిగిపోతున్న కౌలు రైతు ఎవరు, దుకాణం మూసుకున్న భాయీ ఎవరు, తాకట్టు జేవర్ విడిపించుకోలేని ఆపా ఎవరు అని మసీదు కమిటీలు ఏడాదికోసారైనా చూడాలి. మనకి బాకీ ఉన్నవాళ్లుంటే, ఈ నెల అడగకుండా ఉండటం కూడా సదఖాయే.