మెయిన్ లైను లేని ఊళ్లో చదివిన రైల్వే ఇంజనీరు

మా కాకినాడ మెయిన్ లైను మీద లేదు. మద్రాసు–హౌరా బళ్లు సామర్లకోట మీదుగా పోతాయి. మేం బ్రాంచి లైను పట్టుకుని వెళ్లి వాటిని అందుకోవాలి. అలాంటి ఊళ్లో చదువుకున్న కుర్రాడే పెద్దయ్యాక కొండలు తొలిచి రైలుదారి వేశారు, ఢిల్లీకి మెట్రో తెచ్చారు. ఆయనే ఇ. శ్రీధరన్.

మలయాళీకి ఇక్కడేం పని అనిపించవచ్చు. 1932లో ఆయన పుట్టిన పాలక్కాడ్ ప్రాంతం అప్పటి మలబారు జిల్లాలోది. మలబారూ, మా తూర్పుగోదావరీ రెండూ మద్రాసు ప్రభుత్వం కిందే ఉండేవి. 1946లో విశాఖపట్నం పేరుతో మొదలై మా ఊరికి తరలివచ్చిన ఇంజనీరింగ్ కాలేజీ, అంటే నేటి జేఎన్‌టీయూ, వాళ్లకూ సర్కారు కాలేజీయే. పాలక్కాడ్‌లో ఆయన సహాధ్యాయి టి.ఎన్. శేషన్‌కూ ఇక్కడ సీటొచ్చింది. శేషన్ మాత్రం మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లిపోయారు.

శ్రీధరన్ ఇక్కడ సివిల్ చదివే నాటికి మా కోటిపల్లి లైను లేదు. 1928లో మొదలైన ఆ దారి పట్టాలను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీక్కుపోయారు. మళ్లీ బండి కూత వినడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆయన 1954 డిసెంబరులో దక్షిణ రైల్వేలో చేరారు. సరిగ్గా పదేళ్లకు, 1964 డిసెంబరు తుపానులో రామేశ్వరం వెళ్లే పాంబన్ వంతెన కొట్టుకుపోయింది. బాగు చేయడానికి రైల్వే ఆరు నెలల గడువు పెట్టింది. పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించారు. శ్రీధరన్ సముద్రంలో పడ్డ గర్డర్లను పైకి తీయించి, తిరిగి ఎక్కించి, 46 రోజుల్లో పని ముగించారు.

తర్వాత కలకత్తా మెట్రో ప్రణాళిక, కొచ్చిన్ షిప్‌యార్డు. 1990లో రైల్వే నుంచి రిటైరయ్యాక కొంకణ్ రైల్వే నెత్తిన పడింది. 90కి పైగా సొరంగాలు, 2000 దాకా వంతెనలు ఉన్న ఆ దారి 1998లో పూర్తయింది. ఢిల్లీ మెట్రో తొలి బండి 2002 డిసెంబరులో కదిలింది. అక్కడి ఆఫీసుల్లో గడియారాలు వెనక్కి నడిచేవి. గడువుకి ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపడమే వాటి పని.

2021 ఫిబ్రవరిలో, 88 ఏళ్ల వయసులో, బీజేపీలో చేరి పాలక్కాడ్ నుంచి కేరళ శాసనసభకు పోటీ చేశారు. లెక్కింపు మొదట్లో ఆధిక్యంలో ఉన్నా, చివరికి కాంగ్రెస్ అభ్యర్థి షఫీ పరంబిల్ చేతిలో 3,859 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ డిసెంబరులోనే క్రియాశీల రాజకీయాలకు సెలవన్నారు. పాంబన్ 46 రోజులు ఒక ఎత్తు. ఒకే ఒక్క ఎన్నికల రాజకీయం ఇంకో ఎత్తు. గర్డరు చెప్పిన చోట కూర్చుంటుంది. ఓటరు కూర్చోడు.

కోటిపల్లి పట్టాలు తిరిగి రావడానికి అరవై ఏళ్లు దాటింది. పిఠాపురం లైను వేసి మమ్మల్ని మెయిన్ లైనులో కలపమని ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాం. కాకినాడ టౌను స్టేషన్‌లో బండి కోసం కూర్చున్నప్పుడల్లా, ఆ వెనక్కి నడిచే గడియారం ఒకటి ఈ గోడకీ తగిలిస్తే బావుణ్ణనిపిస్తుంది.