1919: విజయనగరపు ఫిడేలు

మన సంగీత చరిత్రలో ఒక్క సంవత్సరాన్ని ఎన్నుకొమ్మంటే నేను 1919ని ఎన్నుకుంటాను. ఆ ఏడు ఫిబ్రవరిలో పూసపాటి విజయరామ గజపతి మహారాజు విజయనగరంలో సంగీత పాఠశాలను నెలకొల్పారు. అంధుడైన ఒక ఆస్థానోద్యోగి కుమారునికి విద్య చెప్పించుటకే అది వెలసిందని ప్రతీతి. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. విజయనగరం అప్పట్లో మా విశాఖ జిల్లాలోనిదే.

అందులో విద్యార్థిగా చేరగోరి విశాఖపట్నం నుండి వెళ్ళినవారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. చూపు మందగించి బడి చదువు సాగక, అన్నగారు వెంకటకృష్ణయ్యగారి వద్ద ఫిడేలు అభ్యసించారు. ఆయన వాద్యం విన్న పెద్దలు విద్యార్థిగా కాదు, ఆచార్యునిగానే నియమించారు. 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ 'సంగీత కళానిధి' బిరుదునిచ్చింది. పక్కవాద్యంగా ఒదిగిన ఫిడేలు ఆయన చేతిలో ఒంటరిగా కచేరీ నిలిపింది.

ఈ కథ తలచినప్పుడల్లా నాకొక వెలితి. గాజువాకలో ఒక బడిలో తెలుగు చెప్పే రోజుల్లో, నల్లబల్ల మీది పద్యం తప్పులతో ఎత్తి రాస్తున్నాడని ఒక పిల్లవాణ్ణి వెనుక బెంచీకి పంపాను. వాడికి అక్షరాలు ఆనవని ఏడాది చివరగాని తెలియలేదు. అదే పద్యాన్ని ఒకసారి వింటే చాలు, రాగం తప్పక అప్పగించేవాడు. నేనది వింటూనే మార్కులు మాత్రం రాతకే వేశాను.