సంగటి కుండ తెలుగు, పహణి కన్నడం: నాగరగెరె వైపు చిన్న సేద్యపు ఇల్లు

మాది నాగరగెరె పక్క. ఇప్పటి లెక్కలో కర్ణాటక రాష్ట్రం, చిక్కబళ్లాపురం జిల్లా. 2007లో ఈ జిల్లా ఏర్పడక ముందు కోలారు జిల్లా అని రాసేవాళ్లం. 1973 నవంబరు 1కి ముందు రాష్ట్రం పేరే మైసూరు. కాస్త అవతలికి పోతే లేపాక్షి, హిందూపురం. ఆ పక్క 1953 దాకా మద్రాసు, తర్వాత ఆంధ్ర రాష్ట్రం, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్. ఇల్లు మాత్రం ఉన్నచోటనే ఉండింది, చుట్టూ పేర్లే మారినాయి.

బెంగళూరులోనూ, ఇంకా దూర దేశాల్లోనూ పెరుగుతున్న మా పిల్లలు అప్పుడప్పుడూ అడుగుతుంటారు: "మనం తెలుగువాళ్లమా, కన్నడంవాళ్లమా?" ఒక్క మాటలో చెప్పమంటే మాకూ కష్టమే. కానీ మా పెద్దల ఇల్లు పొద్దున్నుంచి రాత్రిదాకా ఎట్ల నడిచిందో చెబితే జవాబు అందులోనే దొరుకుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు రాసిపెడుతున్నాము.

మొదట నీళ్ల సంగతి. నాగరగెరె పేరులోని "గెరె" కన్నడ "కెరె", అంటే చెరువు. ఊరి పేరు కన్నడం, ఊళ్లో మాట తెలుగు. బాగేపల్లి, చింతామణి దాకా ఈ కలగలుపు కనిపిస్తుంది. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేనిది. ఉత్తర పినాకిని నందికొండల దగ్గర పుట్టి గౌరిబిదనూరు మీదుగా ఆంధ్రలోకి పోతుంది. చిత్రావతి బాగేపల్లి పక్కగా పోతుంది. పాపాఘ్ని పుట్టుక కూడా ఈ సీమలోనే. ఇన్ని ఏర్లు పుట్టినా ఏడాది పొడుగునా పారేది ఒక్కటీ లేదు. పైగా 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాల మధ్య ఒప్పందం జరిగింది. జాబితాలో ఉన్న ఏర్ల మీద మైసూరు కొత్త కట్టడం కట్టాలంటే మద్రాసు ఒప్పుకోవాలి. ఆ జాబితాలో మన పినాకిని, చిత్రావతి, పాపాఘ్ని ఉన్నాయి. కాబట్టి చిన్న రైతుకు దిక్కు ఊరి చెరువు, ఆకాశం. చెరువు నిండి మరవ పోతే ఆ ఏడు వరి ముఖం చూసేవాళ్లు. లేదంటే రాగే.

ఇంటి కట్టడి ఈ సేద్యానికి తగ్గట్టే ఉండేది. మట్టి గోడలు, పైన మట్టి మిద్దె లేక పెంకులు. ఇంటి ముందర జగలి, అంటే అరుగు. పక్కన ఎద్దుల కొట్టం, గాడిపాడు, వెనక గడ్డివామి. కసువు, పేడ, పొయ్యి బూడిద అన్నీ దిబ్బకు పోయేవి, దిబ్బ ఎండాకాలంలో బండెక్కి చేనుకు పోయేది. ఇంట్లో పారేసేది అంటూ ఏమీ లేదు. పెరట్లో మునగ, కరేపాకు, ఒక చింతచెట్టు నీడ. చేను మూడు నాలుగు ఎకరాలు ఉంటే "చిన్న సేద్యం" అనేవాళ్లు.

ఇల్లు నడవడం ఆడవాళ్లతో మొదలయ్యేది. కోడి కూయక ముందే ఇసుర్రాయి తిరగాల. రాగిపిండి ఇంటిల్లిపాదికీ ఆ పూటకు సరిపడా విసరాలంటే ఇద్దరు ఎదురెదురుగా కూచుని పిడి పట్టుకోవాల. అత్త ఒక పక్క, కోడలు ఇంకో పక్క. ఆ చీకట్లో పాటలు, ఊరి కబుర్లు, పుట్టింటి దుఃఖాలు అన్నీ తెలుగులోనే జరిగేవి. తర్వాత కసువు ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి, బావినుంచి నీళ్లు మోసి, మగవాళ్లకు సద్ది కట్టివ్వడం. పొద్దున అంబలి, లేకుంటే రాత్రి మిగిలిన ముద్దలో మజ్జిగ, పచ్చిమిరపకాయ, ఎర్రగడ్డ.

సంగటి ఎట్ల చేస్తారో కూడా ఇల్లు ఎక్కడిదో చెబుతుంది. మా వైపు ఉత్త రాగిపిండి ముద్ద. కడప, అనంతపురం దిక్కు సంగటిలో బియ్యమో నూకలో వేస్తారు. అట్లాంటి ఇంటినుంచి కోడలు వస్తే మొదటి ఏడు ఇదే పెద్ద చర్చ. ముద్దలోకి ఉలవకట్టు, ఆకుకూర పులుసు. పప్పూ ఆకూ ఉడికించి, కట్టు వంచి చారు కాచి, మిగిలినదాన్ని తిరగమోత పెట్టే బస్సారు పేరు కన్నడం, వండే చెయ్యి తెలుగు. చలికాలంలో అనపకాయలు వస్తే గింజలు నానబెట్టి పితికి పితికిపప్పు చేసేవాళ్లు. ఆ రోజుల్లో జగలి మీద కూచున్న ప్రతి మనిషి ముందరా ఒక గిన్నె ఉండేది, పిల్లలకూ అదే పని.

చేనులో రాగి ఒక్కటే వేసేవాళ్లు కాదు. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో పదును చూసి గొర్రుతో రాగి విత్తి, మధ్యమధ్య సాళ్లలో అనుము, కంది, అంచుల్లో ఆముదం వేసేవాళ్లు. వాన ముందే ఆగిపోతే రాగి దెబ్బతింటుంది, కంది వేరు లోతుకు పోయి నిలబడుతుంది. ఆలస్యంగా మంచు పడితే అనుము కాస్తుంది. ఒకటి పోయినా ఇంకొకటి ఇంట్లోకి వస్తుందనే లెక్క అది. కోసిన రాగి కుప్పవేసి, సంక్రాంతి పక్కపక్కన కళ్లంలో ఎద్దులతో రాతిగుండు తిప్పి నూర్చేవాళ్లు. తూర్పారబట్టిన గింజను పల్లల లెక్కన కొలిచి, పల్ల అంటే నూరు సేర్లు, పాతరలో పోసి మూసేవాళ్లు. రాగికి పురుగు పట్టదు, ఏండ్ల తరబడి నిలుస్తుంది. 1876–78 కరువు మైసూరు సీమను ఊడ్చిపెట్టింది. ఆ తర్వాతి తరాలు పాతర నిండకుండా గింజ అమ్మడానికి భయపడినారంటే ఆ భయం ఊరికే రాలేదు.

ఇంట్లో ఇట్ల ఉంటే, కాగితంలో ఇంకోలా ఉండేది. కందాయం కట్టేది, పహణి తెచ్చుకునేది, తాలూకు కచేరిలో అర్జీ ఇచ్చేది కన్నడంలో. మా వైపు ఊరి లెక్కలు శానుభోగులవి, హిందూపురం వైపు కరణాలవి. మైసూరులో ఈ వంశపారంపర్య ఉద్యోగాలు 1963లో పోయినాయి, ఆంధ్రలో 1984లో. భూమి కొలత కూడా వేరే. మాకు ఎకరాకు 40 గుంటెలు, వాళ్లకు ఎకరాకు 100 సెంట్లు. ఒక గుంటె రెండున్నర సెంట్లు. పెండ్లి మాటల్లో పిల్లవాడికి ఎంత భూమి ఉందని అడిగితే, గుంటెలను సెంట్లలోకి మార్చి చెప్పే పెద్దమనిషి ఒకరు తప్పకుండా ఉండేవాడు. సంబంధాలు గట్టు దాటి జరుగుతూనే ఉండినాయి. అత్తగారిల్లు ఒక రాష్ట్రం, పుట్టిల్లు ఇంకో రాష్ట్రం అయిన అవ్వలు మా ఇండ్లల్లో ఎందరో.

మా రాజకీయం కూడా మైసూరుదే. విదురాశ్వత్థంలో అశ్వత్థవృక్షం కింద నాగప్రతిష్ఠలకు, జాతరకు మా వైపు కుటుంబాలు బండ్లు కట్టుకుని పోయేవి. 1938 ఏప్రిల్ 25న అక్కడే, కాంగ్రెస్ జెండా ఎత్తే విషయంలో జనం గుమిగూడితే పోలీసులు కాల్పులు జరిపినారు, ప్రాణాలు పోయినాయి. మైసూరు స్వాతంత్ర్య పోరాటంలో అదొక పెద్ద మలుపు. తెలుగు మాట్లాడే ఇండ్లకు అది పరాయి సీమ కథ కాదు, బండి దారిలో జరిగిన సంగతి.

రాత్రి భజనలో కైవారం నారాయణ తాతయ్య తత్వాలు పాడేవాళ్లు. చింతామణి తాలూకా కైవారంలో ఉండిన ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పినాడు. బడి చదువు కన్నడం కాబట్టి, మా పెద్దలకు తెలుగు మాట వచ్చు, తెలుగు లిపి రాదు. తత్వాలైనా, అప్పు లెక్కలైనా, కూతురికి రాసే జాబైనా, తెలుగు మాటను కన్నడ అక్షరాల్లో రాసుకునేవాళ్లు. ఇది మా తెలుగు చరిత్రలో మరచిపోకూడని విషయం అని మాకు తోస్తుంది.

తర్వాత మార్పులు ఒకదాని వెంట ఒకటి. 1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చినాయి, ఆ వెనకే సేర్లు పోయి కిలోలు. పిండి మిల్లు వచ్చి ఇసుర్రాయి మూలకు పడింది. ఆడవాళ్ల భుజాలకు అది పెద్ద మేలు, ఆ కష్టం మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. ఇండాఫ్ రాగి వచ్చి దిగుబడి పెంచింది. బోర్లు పడినాయి. పట్టుపురుగుల పెంపకం నెలనెలా చేతికి డబ్బు ఇచ్చింది, గూళ్లు శిడ్లఘట్టకో హిందూపురానికో పోయేవి. డెయిరీ వచ్చి ఆడవాళ్ల చేతికి పాల డబ్బు వచ్చింది. బోర్లు వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని కాలం వచ్చేసరికి పిల్లలు బెంగళూరు బస్సెక్కినారు.

బడి నేర్పకపోయినా, సర్కారు అడగకపోయినా ఈ ఇండ్లల్లో తెలుగు అన్ని తరాలు ఎట్ల నిలిచింది? మేము ఆలోచిస్తే ఒకటే తోస్తుంది. ప్రతి పనికీ ఒక మాట ఉండేది, ఆ పని రోజూ చెయ్యక తప్పదు. గాడిపాడు, దిబ్బ, గొర్రు, సాలు, కళ్లం, పాతర, మరవ. పిల్లలు పని చేస్తూ మాట నేర్చినారు. ఇప్పుడు ఆ పనులు పోయినాయి. పని పట్టుకుని ఉండిన మాట, పని లేకుంటే దానంతటది నిలవదు. మా తెలుగులో కన్నడం కలిసిందని సిగ్గుపడాల్సింది లేదు, రెండు సీమల గట్టు మీద బతికిన ఇంటి గుర్తు అది. పోతే మాత్రం రెండూ కలిపి పోతాయి.

అందుకని మనవాళ్లందరికీ ఒక మనవి. ఇంట్లో పెద్దవాళ్ల పాత లెక్కల పుస్తకమో, భజన పుస్తకమో ఉంటే పారేయకండి. చూడగానే కన్నడం అనిపిస్తుంది, గట్టిగా చదివిస్తే తెలుగు వినిపిస్తుంది. కన్నడ అక్షరాలు వచ్చిన మనవడిని, ఆ మాటలు తెలిసిన అవ్వను పక్కపక్కన కూచోబెట్టండి. ఇద్దరిలో ఒక్కరున్నా ఆ పేజీ సగమే అర్థమవుతుంది. అవ్వలు ఉన్నప్పుడే ఈ పని కావాల.