ఇతర సూర్యుల గ్రహములు

నాటి మదరాసు, నేటి చెన్నైలో నుంగంబాకమున ఒక రాతిస్తంభము కలదు. ఈస్టిండియా కంపెనీవారు 1792లో అచట నెలకొల్పిన వేధశాలలో యంత్రమును మోసిన స్తంభమది. దానికి సంబంధించిన శాసనములలో తెలుగు శాసనము కూడ ఒకటి. ఇతర నక్షత్రములకు గ్రహములు కలవా అను ప్రశ్నకు కొలతలతో జవాబు చెప్పబూనిన తొలి ప్రయత్నములలో ఒకటి ఆ వేధశాలలోనే జరిగినదని మనలో ఎందరికి తెలియును?

వేధశాలాధిపతియగు కాప్టెన్ జేకబ్ 70 ఆఫియూకై అను జంట నక్షత్రమును పరిశీలించుచుండెను. ఆ రెండు చుక్కలును ఒకదానినొకటి సుమారు 88 ఏండ్లకు చుట్టివచ్చును. లెక్కప్రకారము ఉండవలసిన చోటికిని, దుర్భిణిలో కనిపించిన చోటికిని కొంత తేడా వచ్చెను. కంటికి కానరాని గ్రహమేదో వానిని లాగుచుండవచ్చునని 1855లో ఆయన ప్రకటించెను. నలుబదియేండ్ల పిమ్మట అమెరికాలో సీ అను శాస్త్రజ్ఞుడు అదే వాదమును మరింత ధీమాతో చేసెను. అట్టి కూటమి నిలువజాలదని 1899లో మౌల్టన్ గణించి చూపెను. అచట గ్రహము లేదు.

అయినను జేకబును మనము చులకన చేయరాదు. ఆయన పట్టిన దారి సరియైనదే. బిడ్డ చేతులు పట్టుకొని గిరగిర త్రిప్పు తండ్రి తానును వెనుకకు వాలి కొద్దిగా తిరుగుట మనము చూచినదే. నక్షత్రమును అట్లే ఊగును. ఆ ఊగిసలాటయే కనబడని గ్రహము జాడ.

అమెరికాలోని స్ప్రౌల్ వేధశాలలో వాన్ డి కాంప్ 1938 నుండి బర్నార్డ్ నక్షత్రమునకు ఛాయాచిత్రములు తీయించెను. అది మనకు ఆరు కాంతి సంవత్సరముల దూరమున ఉన్నది. దానికి గ్రహమున్నదని 1963లో ప్రకటించెను. పదేండ్లకు తేలినదేమి? నక్షత్రము కదలినదనుకొన్న 1949లో కదలినది దుర్భిణి కటకపు చట్రము! ఆ ఏడు దానిని మార్చియుండిరి. వాన్ డి కాంప్ మాత్రము కడవరకు ఒప్పుకొనలేదు. 1995 మే నెలలో ఆయన మరణించెను.

ఆ అక్టోబరులోనే స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు మేయర్, కెలోజ్ 51 పెగాసీ గ్రహమును ప్రకటించిరి. మృతనక్షత్రమొకదాని చుట్టు గ్రహములు 1992లోనే దొరికినవి; సూర్యుని బోలిన నక్షత్రమునకు ఇదియే మొదటిది. వారు చుక్క స్థానమును గాక, దాని కాంతిని విడదీసి, అది మనవైపు వచ్చుచు పోవుచుండు వేగమును కొలిచిరి. గురువులో సగము బరువుగల ఆ గ్రహమునకు సంవత్సరమనగా నాలుగు దినములే! అంత పెద్ద గ్రహము అంత దగ్గర ఉండునని ఎవరనుకొనిరి?

గ్రహము అడ్డువచ్చినపుడు నక్షత్రము మసకబారుటను కనిపెట్టు పద్ధతియు తోడై, నేటికి గ్రహముల లెక్క 6000 దాటినది. వీనిలో కొన్నింటిని నివాసయోగ్యములందురు. ఆ మాటను మనము జాగ్రత్తగా వినవలెను. నీరు నీరుగా నిలువదగిన దూరమున ఉన్నవని మాత్రమే దాని అర్థము. నీరున్నదని కాదు, గాలి ఉన్నదనియు కాదు. 2010లో గ్లీజ్ 581 చెంత అట్టిదొకటి దొరికినదని ప్రపంచమంతయు సంబరపడెను. అది గ్రహము కాదు, నక్షత్రపు అయస్కాంత కల్లోలమని 2014లో తేలినది. మన సూర్యునికి అతిసమీపమైన ప్రాక్సిమా చుట్టు 2016లో దొరికిన గ్రహము మాత్రము పరీక్షలకు నిలిచినది. కాని ఆ చిన్న ఎర్రచుక్క తరచు జ్వాలలు చిమ్మును. గ్రహమునకు వాయువు మిగిలినదో లేదో ఇంకను తెలియదు.

బర్నార్డ్ నక్షత్రమునకును గ్రహములు దొరికినవి: 2024లో ఒకటి, 2025 నాటికి మొత్తము నాలుగు. వాన్ డి కాంప్ చెప్పిన భారీ గ్రహము వానిలో లేదు. నాలుగును భూమికన్న తేలికయైనవి. వారము తిరుగకుండ తమ సూర్యుని చుట్టివచ్చుచున్నవి. నీరు నిలువజాలనంత వేడివి.