దిగి, చూసి, దాటాలి

హైదరాబాద్ నుంచి కామారెడ్డి వైపు మా ఊరెళ్ళే ప్రతిసారీ, తూప్రాన్ దాటాక మాసాయిపేట బోర్డు కనిపిస్తుంది. కనిపించగానే కార్లో పాటల సౌండు తగ్గించేస్తాను. ఎందుకో అలా అలవాటైపోయింది.

2014 జూలై 24 పొద్దున, అక్కడ కాపలా లేని రైల్వే క్రాసింగ్ మీద స్కూల్ బస్సుని నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజర్ గుద్దింది. పదిహేను మందికి పైగా పిల్లలు పోయారు. తెలంగాణ వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. నేనప్పుడు ఇంటర్. హాస్టల్ టీవీలో చూసిన పుస్తకాల సంచులు ఇంకా కళ్ళ ముందే ఉన్నాయి.

ఆ వారమంతా చర్చ డ్రైవర్ మీదే. రోజూ వచ్చే డ్రైవర్ ఆ రోజు రాలేదని, వచ్చినతను ఫోన్లో మాట్లాడుతున్నాడని పేపర్లు రాశాయి. నేనూ అదే అనుకున్నా. తర్వాతెప్పుడో మోటారు వాహనాల చట్టం (1988) సెక్షన్ 131 చదివాను. కాపలా లేని గేటు దగ్గర బండి ఆపాలి. కండక్టరో క్లీనరో దిగి, పట్టాల దాకా నడిచెళ్ళి, రెండు వైపులా చూసి, రైలేమీ రావట్లేదని తేల్చుకుని, తను ముందు నడుస్తూ బండిని దాటించాలి. ఎవరూ లేకపోతే డ్రైవరే దిగాలి. నిర్లక్ష్యంగా దాటితే 1989 రైల్వే చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు.

అలా దిగి చూసిన డ్రైవర్‌ని మీరెవరైనా చూశారా? నేనైతే చూళ్ళేదు. మా స్కూల్ ఆటోలో పన్నెండు మందిమి. పట్టాలొస్తే ఆటో కాక తల బయటపెట్టి అటూ ఇటూ చూసి లాగించేసేవాడు. అంతే!

1997 నవంబర్‌లో ఢిల్లీ వజీరాబాద్ దగ్గర స్కూల్ బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయారు. మరుసటి నెలలోనే సుప్రీంకోర్టు స్కూల్ బస్సులకి నిబంధనలు పెట్టింది. స్పీడు 40 దాటకూడదు, డ్రైవర్‌కి ఐదేళ్ళ అనుభవం ఉండాలి, బస్సులో ఇంకో మనిషి ఉండాలి. మంచివే, కాదనను. కానీ అన్నీ బస్సుకీ, బస్సులో ఉన్నవాళ్ళకీ చెప్పినవే. బస్సు దాటాల్సిన పట్టాల సంగతి?

అదీ ఎవరికీ తెలియని విషయమేం కాదు. మాసాయిపేటకి రెండేళ్ళ ముందే, 2012 ఫిబ్రవరిలో, అనిల్ కకోద్కర్ కమిటీ తేల్చి చెప్పింది: లెవెల్ క్రాసింగులన్నీ, గేటున్నవీ లేనివీ, ఐదేళ్ళలో ఎత్తేయండి, 50 వేల కోట్లవుతుంది అని. 2014 నాటికి కాపలా లేనివే ఇంకా 11 వేలకు పైగా ఉన్నాయి.

మన ఆఫీసుల్లో చూస్తుంటాం కదా, ఒకే స్క్రీన్ మీద పదిమంది ఒకే తప్పు చేస్తే, 'యూజర్ ఎర్రర్' అని రాసి టికెట్ మూసేస్తారు. ఇక్కడ జరిగింది అచ్చంగా అదే. బోర్డులు పెట్టారు, ప్రచారం చేశారు. కొన్నిచోట్ల 'గేట్ మిత్ర'లని నిలబెట్టారు. 2016 జూలైలో యూపీలోని భదోహిలో గేట్ మిత్ర ఉన్నాడు, ఆపబోయాడు కూడా. స్కూల్ వ్యాన్ ఆగలేదు. 2018 ఏప్రిల్ 26న కుశీనగర్‌లో 13 మంది పిల్లలు. డ్రైవర్ చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయన్నారు. మళ్ళీ డ్రైవరే!

ఈసారి మాత్రం పని కదిలింది. ఎత్తేయడానికి పెట్టుకున్న గడువుని ముందుకు జరిపారు. ఒక్క 2018-19లోనే 3,479 క్రాసింగులు తీసేశారు. కొన్ని మూసేశారు, కొన్నిటిని పక్క గేటుకి కలిపారు, కొన్నిచోట్ల గేట్‌మ్యాన్‌ని పెట్టారు, కొన్నిచోట్ల కింద నుంచి దారి తవ్వారు. 2019 జనవరి 31 నాటికి బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేనిది ఒక్కటీ మిగల్లేదు. డ్రైవర్లేమీ మారలేదు, ఇయర్‌ఫోన్సూ పోలేదు. (ఆ అండర్‌పాసుల్లో వానాకాలం నీళ్ళు నిలవడం గురించి ఇంకో పోస్టు రాయాలి.)

మొన్న ఊళ్ళో ఆటో కాక కనిపిస్తే ఈ సెక్షన్ 131 గురించి చెప్పాను. "కాకా, నువ్వు దిగి చూడాల్సి ఉండెనట తెలుసా?" అంటే నవ్వాడు.

"నేను దిగితే మీరు ఊకుంటుంటిరా? పన్నెండు మందీ నా ఎనకనే పట్టాల మీదికి దిగుతుంటిరి."