ఖజానా తెరిచిన చేతులే మూయబోయాయి

మహామాంద్యంలో ఖజానా తలుపులు బార్లా తెరిచి జపాన్‌ను గట్టెక్కించిన ఆర్థికమంత్రిగా తకహాషి కొరెకియోకు చరిత్రలో పేరుంది. ఆ పేరు న్యాయమైనదే. అయితే ఆయన అసలు గొప్పతనం, తెరిచిన తలుపును సకాలంలో మూయాలని పట్టుబట్టడంలో ఉంది. ఆ పట్టుదలకు ఆయన ప్రాణమే మూల్యమైంది.

1854లో పుట్టి, సెందాయ్ సంస్థానపు కాలిబంటు ఇంట దత్తుడిగా పెరిగిన తకహాషి, చదువుకోసం అమెరికా వెళ్లి, ఏం రాసి ఉందో తెలియని కాగితం మీద సంతకం పెట్టి వెట్టిచాకిరిలో చిక్కుకున్నారు. తర్వాత జపాన్ పేటెంట్ల కార్యాలయానికి తొలి అధిపతి అయ్యారు. పెరూ వెండి గనుల్లో నష్టపోయారు. 1904లో రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు లండన్, న్యూయార్క్ మార్కెట్లలో అప్పు పుట్టించింది ఆయనే. అప్పిచ్చేవాడి నమ్మకం ఎంత విలువైనదో ఆయనకు అనుభవంతో తెలుసు.

1930 జనవరిలో పాత ధరకే బంగారు ప్రమాణానికి, అంటే యెన్ విలువను బంగారంతో ముడిపెట్టే పద్ధతికి, తిరిగి వెళ్లిన జపాన్, మాంద్యం దెబ్బకు కుదేలైంది. పట్టు ధర కూలి పల్లెలు అప్పుల్లో మునిగాయి. 1931 డిసెంబరు 13న ఆర్థికశాఖ చేపట్టిన తకహాషి ఆ రోజే బంగారం ఎగుమతి ఆపించి ఆ ముడి తెంచారు. ఏడాది తిరిగేసరికి డాలరుతో యెన్ విలువ సగానికి పైగా పడి, ఎగుమతులు పుంజుకున్నాయి. జపాన్ బట్ట ఎంత చౌకైందంటే, దాన్ని అడ్డుకోవడానికి బ్రిటిష్ ఇండియా 1933లో సుంకాన్ని 75 శాతానికి పెంచింది. 1932 చివరి నుంచి ప్రభుత్వ బాండ్లను నేరుగా కేంద్ర బ్యాంకుకే అమ్మి, ఆ డబ్బును గ్రామీణ పనులకూ, సైన్యానికీ ఖర్చుపెట్టారు.

ఇక్కడే ఒక బలమైన అభ్యంతరం ఉంది. సైన్యానికి అంతులేని డబ్బు దొరికే దారి చూపింది ఆయనే కదా? మంచూరియా దండయాత్ర ఖర్చు భరించింది ఆయన బడ్జెట్లే కదా? నిజమే, ఆ బాధ్యత నుంచి ఆయన్ను తప్పించలేం. కానీ కేంద్ర బ్యాంకు కొన్న బాండ్లలో చాలా భాగాన్ని తిరిగి బ్యాంకులకు అమ్మించి, చలామణీలో డబ్బు పొంగకుండా చూసిందీ ఆయన హయాంలోనే. 1935లో బ్యాంకులు బాండ్లు కొనడానికి వెనకాడటంతో, ధరలు పెరిగే ప్రమాదాన్ని గుర్తించి సైనిక వ్యయానికి కళ్లెం వేయబోయారు. 1936 ఫిబ్రవరి 26న తిరుగుబాటు సైనికులు ఇంట్లో చొరబడి 81 ఏళ్ల ఆయన్ను చంపేశారు. తర్వాత వచ్చిన మంత్రి ఆ కళ్లెం వదిలేశారు.

కాబట్టి లోపం మాంద్యంలో అప్పుచేసి ఖర్చుపెట్టడంలో లేదు, వ్యవస్థలో ఉంది. అప్పటి మేజీ రాజ్యాంగం సైన్యాధిపత్యాన్ని మంత్రివర్గానికి కాక చక్రవర్తికి అప్పగించింది. దాంతో సైనిక వ్యయానికి అడ్డుకట్ట ఒక్క వృద్ధుడి పట్టుదల మీదే నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జపాన్ ఈ పాఠాన్ని చట్టంలోనే రాసుకుంది: 1947 ఆర్థిక చట్టం ప్రభుత్వ బాండ్లను కేంద్ర బ్యాంకు నేరుగా కొనడాన్ని సాధారణంగా నిషేధించింది. తకహాషి ఒంటరిగా మోసిన బాధ్యతను వ్యవస్థకు అప్పగించిన ఆ నిబంధన పదకొండేళ్లు ఆలస్యంగా వచ్చింది.